ఇరవై ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన బ్యాండ్‌ని ఎలా వినాలి: బాండా బ్లాక్ రియో

పాత బ్యాండ్ చాలా ఏళ్లకి కొత్త ఆల్బమ్ తెచ్చిందంటే మనలో చాలామంది ఒకేలా వింటాం. మనకి బాగా నచ్చిన పాత పాటని మనసులో పెట్టుకుని, కొత్త ట్రాక్ ఒక నిమిషం విని, "అప్పటి రుచి లేదు" అనేసి కట్టేస్తాం. బ్రెజిల్ సోల్, ఫంక్ సంగీతంలో (రెండూ అమెరికా నల్లజాతివాళ్ల దగ్గర పుట్టిన సంగీతాలే) నాకు ప్రాణమైన బాండా బ్లాక్ రియోకి ఇలా జరగడం చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ బాధేసింది. అందుకే ఇది రాస్తున్నాను. పోర్చుగీసు ఒక్క ముక్క రాకపోయినా, సాంబా అంటే కార్నివాల్ ఫొటోలు తప్ప ఇంకేం తెలియకపోయినా పర్వాలేదు, ఓపిగ్గా రెండు మూడు సాయంత్రాలు కేటాయిస్తే చాలు.

కథ చిన్నదే. 1976లో రియో డి జనీరోలో ఈ బ్యాండ్ పుట్టింది. శాక్సాఫోన్ వాయించే ఒబెర్దాన్ మగల్యాయిస్ దీనికి పెద్ద దిక్కు. 1977లో 'మరియా ఫుమాసా', 1978లో 'గఫియేరా ఉనివెర్సాల్', 1980లో 'సాసీ పెరెరే', మొత్తం మూడు ఆల్బమ్‌లు. 1984లో ఒబెర్దాన్ కారు ప్రమాదంలో పోయారు, బ్యాండ్ కూడా ఆయనతోనే ఆగిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఆయన కొడుకు విలియం మగల్యాయిస్ అదే పేరుతో కొత్త మనుషుల్ని కూడగట్టి 2001లో 'మొవిమెంతో' తెచ్చాడు, మళ్లీ పదేళ్లకి 2011లో లండన్‌కి చెందిన ఫార్ అవుట్ కంపెనీ ద్వారా 'సూపర్ నోవా సాంబా ఫంక్' తెచ్చాడు. మనం వినబోయేది ముఖ్యంగా ఈ రెండూ, కానీ నేరుగా వాటితో మొదలుపెట్టొద్దు.

ముందు సౌండ్ సంగతి

ఫోన్ స్పీకర్‌లో వినకండి. మామూలుగా ఎవరైనా చెప్పే సలహాలాగే ఉంటుంది గానీ ఇక్కడ దీనికి అసలైన కారణం ఉంది. ఈ సంగీతంలో సగం విషయం అడుగునే జరుగుతుంది, బేస్ గిటార్‌లో, పెద్ద డ్రమ్ములో. ఫోన్‌లోని చిన్న స్పీకర్ ఆ లోతు స్వరాల్ని దాదాపుగా పలికించలేదు, కాబట్టి మీకు పైన ట్రంపెట్లు, గిటార్ చప్పుడు మాత్రమే వినిపించి "ఏదో పాత టీవీ మ్యూజిక్‌లా ఉందే" అనిపిస్తుంది. రెండు చెవులకీ గట్టిగా పట్టే మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా చాలు. ఇంట్లో పాత మ్యూజిక్ సిస్టమ్ ఉంటే ఇంకా మంచిది. ఫోన్‌లో, యాప్‌లో బేస్ బూస్ట్ లాంటివి ఉంటే తీసేయండి, అవి బేస్ గిటార్‌నీ డ్రమ్మునీ కలిపి ముద్ద చేసేస్తాయి, మనకి కావాల్సింది ఆ రెంటినీ విడివిడిగా పట్టుకోవడం.

వెతికేటప్పుడు బ్యాండ్ పేరు మొత్తం కొట్టండి. ఉత్తినే బ్రెజిల్ ఫంక్ అని కొడితే ఇవాళ్టి రియో బస్తీల ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం వస్తుంది. అది వేరే ప్రపంచం. రెండింటికీ చుట్టరికం మాత్రం ఉంది. 1970ల్లో సోల్ రికార్డులు వేసి వేలమందిని ఆడించిన సౌండ్ సిస్టమ్ బృందాల్లో ఒకటైన 'ఫురకావ్ 2000' లాంటివే తర్వాత ఆ కొత్త ఫంక్‌కి కూడా వేదికలయ్యాయి. దాన్ని ఇంకోరోజు వినొచ్చు. ఇంకో జాగ్రత్త: యాప్‌లో ఆల్బమ్ పక్కన కనిపించే సంవత్సరాన్ని గుడ్డిగా నమ్మొద్దు. పాత ఆల్బమ్‌ని మళ్లీ విడుదల చేసిన ఏడాదిని అక్కడ వేయడం మామూలే, అందుకే పైన చెప్పిన ఏళ్లని గుర్తుపెట్టుకుని పేరుని బట్టి ఎంచుకోండి.

1977తో మొదలుపెట్టాలి

'మరియా ఫుమాసా'లో పది ట్రాకులు, ఒక్కదాంట్లో కూడా పాడేవాళ్లు లేరు. భాష రాని మనకి ఇది వరం, రియోలో పుట్టినవాడికి వినపడేదే మనకీ వినపడుతుంది. ఆల్బమ్‌కి పేరిచ్చిన మొదటి ట్రాక్ ఆ ఏడాది టీవీ గ్లోబోలో వచ్చిన 'లోకోమోతివాస్' అనే సీరియల్‌కి టైటిల్ మ్యూజిక్ అయింది. అంటే పాట లేని ఫంక్ వాయిద్యం బ్రెజిల్ ఇళ్లలో రోజూ సాయంత్రం మోగిందన్నమాట.

మొదటిసారి ఆల్బమ్ మొత్తం ఏం ఆలోచించకుండా వినేయండి. వంట చేస్తూ వినండి, నడుస్తూ వినండి, ఫర్వాలేదు. రెండోసారి మాత్రం కూర్చుని, ఒక్కో మనిషినీ పట్టుకుని వినాలి. బేస్ జమీల్ జొవానిస్, డ్రమ్స్ లూయిస్ కార్లోస్, గిటార్ క్లౌదియో స్టీవెన్సన్, కీబోర్డులు క్రిస్తోవావ్ బస్తోస్, ట్రంపెట్ బరోజిన్యో, ట్రాంబోన్ లూసియో, శాక్సాఫోన్ ఒబెర్దాన్. ఏడుగురు. ఒక్కో ట్రాక్‌లో ఒక్కరి వెంటే పడండి, మిగతావాళ్లు ఏం చేస్తున్నా పట్టించుకోకండి. 'మిస్టర్ ఫంకీ సాంబా' జమీల్ కట్టిందే కాబట్టి అందులో బేస్ వెంట వెళ్లడం తేలిక. నా మాట నమ్మండి, ఆ ఒక్క ట్రాక్‌లో బేస్‌ని చివరిదాకా వదలకుండా వింటే ఈ బ్యాండ్ ఏం చేస్తోందో సగం అర్థమైపోతుంది.

ట్రాకుల పేర్లలో ఒకటి నాకు చాలా ఇష్టం, 'లెబ్లోన్ వయా వాజ్ లోబో'. మన ఆర్టీసీ బస్సు ముందు బోర్డులాగే ఉంది కదా. లెబ్లోన్ రియో దక్షిణ వైపు, సముద్రం ఒడ్డున డబ్బున్నవాళ్లు ఉండే చోటు. వాజ్ లోబో ఉత్తర వైపు, కూలీలు, చిన్న ఉద్యోగస్తులు ఉండే శివారు. పక్కనే మదురేరా, సాంబా స్కూళ్లకి, అంటే కార్నివాల్‌లో ఊరేగే సాంబా బృందాలకి, పేరున్న పేట. నల్లజాతి కుర్రాళ్లు వారాంతాల్లో సోల్ డాన్సులకి పోగయ్యేది ఎక్కువగా ఈ ఉత్తర శివారు క్లబ్బుల్లోనే. ఒబెర్దాన్ ఆ రెండు చోట్లనీ ఒకే బోర్డు మీద రాశాడు. ఈ బ్యాండ్ సంగీతం కూడా అచ్చం ఆ దారిలోనే వెళ్తుంది, అందుకే ఆ ట్రాక్‌ని దాటేయకండి.

రెండు లెక్కలు

ఇది ఈ గైడ్‌లో అసలు భాగం, తొందరపడొద్దు. వినడానికి ముందు మోకాలి మీద చేత్తో చేసి చూడాలి.

సాంబా రెండు దెబ్బల లెక్క. ఒకటి, రెండు, ఒకటి, రెండు. మామూలుగా మనం బరువుని ఒకటి మీద వేస్తాం. సాంబాలో బరువు రెండు మీద పడుతుంది. సుర్దో అనే పెద్ద డ్రమ్ము ఆ పని చేస్తుంది. దాన్ని భుజానికో నడుముకో తగిలించుకుని ఒక చేత్తో మెత్తటి గుండు ఉన్న కర్రతో కొడతారు, రెండో చేత్తో చర్మాన్ని నొక్కుతారు. ఒంటరిగా ఒకే సుర్దో వాయించేవాడు ఒకటి దగ్గర నొక్కిపెట్టి శబ్దాన్ని అణుస్తాడు, రెండు దగ్గర వదిలేసి పూర్తిగా మోగనిస్తాడు. మీరూ అలాగే చేయండి, ఒకటికి వేళ్లతో మెల్లగా తట్టండి, రెండుకి అరచేయి మొత్తం వేయండి. కాసేపటికి ఒళ్లు దానంతటదే ముందుకీ వెనక్కీ ఊగడం మొదలవుతుంది.

ఫంక్‌ది నాలుగు దెబ్బల లెక్క. అమెరికా ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ తన బ్యాండ్‌కి నేర్పింది ఒకటే, మధ్యలో ఎవరు ఎటు తిరిగినా ఒకటి మీదకి అందరూ కలిసి దిగాలి. బేస్, పెద్ద డ్రమ్ము, హార్న్‌లు (ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సాఫోన్ లాంటివి) అన్నీ అక్కడ పడతాయి. రెండు, నాలుగు దగ్గర చిన్న డ్రమ్ము చురుక్కుమంటుంది.

ఇప్పుడు రెండింటినీ కలపండి. సాంబా రెండు లెక్కని రెండుసార్లు వేస్తే నాలుగు అవుతుంది, సాంబా బరువు పడే 'రెండు' కాస్తా ఫంక్‌లో రెండు, నాలుగు అవుతాయి. అంటే ఫంక్‌లో చిన్న డ్రమ్ము పైన చురుక్కుమనే చోటే సాంబాలో పెద్ద డ్రమ్ము కింద మోగుతోంది! రెండు దేశాల దరువులు బరువు వేసే చోటు ఒకటే, ఒకటి పైనుంచి, ఇంకోటి కిందనుంచి. మిగిలింది ఫంక్‌లోని ఆ 'ఒకటి'. సాంబా దాన్ని అణిచిపెడుతుంది, ఫంక్ దాన్ని బద్దలు కొడుతుంది. బాండా బ్లాక్ రియో బేస్, డ్రమ్స్ ఇద్దరూ ప్రతి కొన్ని సెకన్లకీ తేల్చుకోవాల్సింది ఈ ఒక్క విషయమే, ఈసారి ఒకటిని గట్టిగా దించాలా, వదిలేసి తేలనివ్వాలా. వాళ్లు ఎప్పుడు దించుతున్నారో, ఎప్పుడు వదిలేస్తున్నారో వినడమే ఈ సంగీతంలో ఉన్న ఆనందం.

దాని లోపల ఇంకో పొర ఉంది. ప్రతి దెబ్బనీ నాలుగుగా విడగొట్టి నోటితో అనండి, తకధిమి తకధిమి తకధిమి తకధిమి. మృదంగం పాఠాలు ఏ కాస్త విన్నవాళ్లకైనా ఇది వచ్చినదే. సాంబాలో టంబొరీన్ అనే అరచేతి సైజు డ్రమ్ము, సన్నటి కర్రతో, ఈ పదహారు అక్షరాల్లో కొన్నింటి మీద కొట్టి కొన్నింటిని వదిలేస్తుంది, చాలావరకు 'త' మీద పడకుండా పక్కనే పడుతుంది. ఫంక్ గిటార్ కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది, తీగల్ని సగం నొక్కిపెట్టి చిక్‌చిక్ మని గీకుతూ పదహారు అక్షరాల మధ్య తిరుగుతుంది. 'మరియా ఫుమాసా'లో క్లౌదియో స్టీవెన్సన్ గిటార్‌ని టంబొరీన్ అనుకుని వినండి. ఒకసారి అలా వినిపించాక ఇక మామూలు గిటార్‌లా వినిపించదు. ఇంకోటి, ఈ నాలుగు అక్షరాలూ సాంబాలో గడియారంలా సమానంగా ఉండవు, కాస్త సాగుతాయి, కాస్త దగ్గరవుతాయి. కంప్యూటర్‌లో గీత గీసినట్టు వేసిన దరువుకీ మనిషి వేసిన దానికీ తేడా అక్కడే. తర్వాత 2001 ఆల్బమ్‌కి వెళ్లినప్పుడు ఇది పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

సాంబా వాయిద్యాల్లో కుయీకా అనేది ఎక్కడ వినపడినా ఠక్కున పట్టేయొచ్చు, కోతి కూసినట్టో, ఎవరో నవ్వినట్టో ఉంటుంది. డ్రమ్ము లోపల చర్మం మధ్యలో సన్నటి కర్ర కట్టి ఉంటుంది. వాయించేవాడు లోపలికి చెయ్యి పెట్టి తడిగుడ్డతో ఆ కర్రని రుద్దుతాడు, బయటనుంచి ఇంకో చేతి వేలితో చర్మాన్ని నొక్కుతూ స్వరాన్ని పైకీ కిందికీ లాగుతాడు. కొట్టడం అంటూ ఏమీ ఉండదు. ఒకసారి ఏదైనా వీడియోలో చూసి రండి, తర్వాత వినడం మారిపోతుంది.

ఎందుకు ఇంత గొడవైంది

ఇప్పుడు మనకి హాయిగా వినిపించే ఈ కలయిక ఆ రోజుల్లో గొడవ పడాల్సిన విషయం. 1964 నుంచి 1985 దాకా బ్రెజిల్‌లో సైనిక పాలన. ఉత్తర శివారు క్లబ్బుల్లో వారాంతాలకి వేలాది నల్లజాతి కుర్రాళ్లు జుట్టు పెంచుకుని, ఎత్తు చెప్పులు వేసుకుని జేమ్స్ బ్రౌన్ రికార్డులకి ఆడుతుంటే పోలీసులకి అది రాజకీయంగా కనిపించింది, డాన్సుల మీద నిఘా పెట్టారు. 1976 జూలైలో 'జోర్నల్ దు బ్రజీల్' పత్రిక ఈ ఊపు మీద పెద్ద కథనం వేసింది, లేనా ఫ్రియాస్ రాశారు, దాంతో 'బ్లాక్ రియో' అన్న పేరు దేశమంతా తెలిసింది. ఇటు సాంబా వైపు పెద్దలకీ ఇది నచ్చలేదు. గొప్ప సాంబా కవి కందేయా, మన నల్లవాళ్ల సంగీతం సాంబా ఉండగా అమెరికా సోల్ ఎందుకు అన్న పట్టుదల ఉన్నవాడు. ఆయన 1975లోనే 'కిలోంబో' అనే సొంత సాంబా స్కూలు పెట్టాడు. నాకు కందేయా అంటే చాలా గౌరవం, ఆయన బాధలో నిజం ఉంది. కానీ బాండా బ్లాక్ రియో వినిపించిన జవాబు కూడా నిజమే.

ఆ జవాబు ట్రాకుల పేర్లలోనే ఉంది. ఆరీ బరోజో రాసిన 'నా బైషా దు సపతేయిరు', లూయిజ్ గొంజాగా, ఉంబెర్తో తెయిషేరా కట్టిన 'బయావ్', ఎదు లోబో 'కాజా ఫోర్చి', ఇవన్నీ బ్రెజిల్ సొంత పాటలే. వాటినే ఫంక్ మీద నిలబెట్టి చూపించారు. వీలైతే ముందు గొంజాగా అకార్డియన్‌తో పాడిన 'బయావ్' ఒకసారి విని, వెంటనే వీళ్లది వినండి, ఒకదాని తర్వాత ఒకటి. వేరే వివరణ అక్కర్లేదు. 'కాజా ఫోర్చి' అయితే ముప్పై ఏళ్ల తర్వాత అమెరికా రాపర్ మోస్ డెఫ్ 2009 ఆల్బమ్‌లో 'కాజా బే' అన్న ట్రాక్‌కి పునాది అయింది. అమెరికా నుంచి తెచ్చుకున్నారని తిట్లు తిన్న సంగీతం తిరిగి అమెరికా వెళ్లింది.

తర్వాతి రెండు పాత ఆల్బమ్‌ల గురించి తక్కువ చెప్తాను. 'గఫియేరా ఉనివెర్సాల్'లో గొంతులు వచ్చాయి. గఫియేరా అంటే హార్న్‌ల బృందం వాయిస్తుండగా జంటలు సాంబా ఆడే పాతకాలపు హాలు, ఆ హాలు వాసన ఈ ఆల్బమ్ హార్న్‌లలో ఉంది. 'ఎస్‌ప్రెసో మదురేరా' తప్పకుండా వినండి. 'సాసీ పెరెరే'లో 'మిస్ షెరిల్' చాలామందికి ఇష్టం. టైటిల్ పాట బ్రెజిల్ గాయకుడు జిల్బెర్తో జిల్ రాసింది, ఈ పేరు మళ్లీ వస్తుంది.

2001: మొవిమెంతో

ఇప్పుడు కొత్తదానికి వద్దాం. పెట్టగానే ఒక విషయం మనసులో ఉంచుకోండి, దీన్నిబట్టి మిగతాదంతా అర్థమవుతుంది. తండ్రిది శాక్సాఫోన్, కొడుకుది కీబోర్డు. బ్యాండ్‌ని నడిపించేవాడి చేతిలో ఏ వాయిద్యం ఉందన్నది చిన్న విషయం కాదు. శాక్సాఫోన్ వాడు ఒక్కో స్వరాన్ని ఊదుతూ రాగంగా ఆలోచిస్తాడు, ఊపిరి ఆగిన చోట వాక్యం ఆగుతుంది. కీబోర్డు వాడికి పది వేళ్లూ ఒకేసారి దొరుకుతాయి, స్వరాలు గుత్తులుగా వస్తాయి, వాటిని ఎంతసేపైనా పట్టి ఉంచొచ్చు. అందుకే 2001లో సంగీతం ముందుకంటే నిండుగా, మెత్తగా ఉంటుంది, హార్న్‌లు ముందు వరసలోంచి కాస్త వెనక్కి జరిగి కీబోర్డు గుత్తుల మీద తళుక్కున మెరిసి వెళ్తుంటాయి. 1977 పదును కోసం వెతికితే మీకు దొరకదు, దొరకాల్సిన పనీ లేదు.

గొంతులు కూడా చాలా ఎక్కువ. 1977లో లేని మాటలు ఇప్పుడు ఉన్నాయి కాబట్టి భాష రాని మనకి ఒక అడ్డు తగిలినట్టు ఉంటుంది. నా సలహా, మొదటి రెండుసార్లు మాటల అర్థం కోసం వెళ్లకండి. గొంతుని ఇంకో హార్న్ అనుకోండి, ఎక్కడ మొదలవుతోంది, ఎక్కడ ఆగుతోంది అన్నది మాత్రం చూడండి. మూడోసారి కావాలంటే సాహిత్యం తెచ్చుకుని చదవండి.

ఇక మోకాలి మీద లెక్క మొదలుపెట్టండి. ఒకటి, రెండు. సాంబా బరువు రెండు మీద పడుతోందా? బేస్ ఒకటి మీద దిగుతోందా, దాటేస్తోందా? 'సెస్తా ఫెయిరా కరియోకా' దగ్గర ఇలా కూర్చుని చేసి చూడండి. పైన రంగులన్నీ మారాయి, రికార్డింగ్ శుభ్రంగా, మెరుస్తూ ఉంది, అమెరికా కొత్త సోల్ ప్రభావం బాగా తెలుస్తోంది. అయినా అడుగున ఆ రెండు లెక్కలూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయా లేదా అన్నదే మీరు చెవితో తేల్చాల్సింది. నా చెవికి ఉన్నాయి. అన్ని ట్రాకుల్లో ఒకేలా కాదు, కొన్నిచోట్ల దరువు మరీ నున్నగా అనిపిస్తుంది, తకధిమిలో ఆ సాగడం, దగ్గరవడం తగ్గిపోతుంది, అక్కడ నాకూ మనసు కాస్త జారుతుంది. కానీ ఎక్కడైతే చేతి దరువులు ముందుకొస్తాయో అక్కడ వెంటనే నిటారుగా కూర్చుంటాను.

పాతదాన్ని పక్కన పెట్టి పోల్చాలనిపిస్తే టైటిల్ ట్రాకుల్ని పోల్చకండి, అది అన్యాయం. 1980 'సాసీ పెరెరే'నీ 2001నీ వెనకాముందూ వినండి. ఒబెర్దాన్ బతికుండగానే ఆ మూడో ఆల్బమ్‌లో పాటలు, గొంతులు, మెత్తదనం వచ్చేశాయి. కొడుకు అందుకున్న దారి 1977ది కాదు, 1980ది. ఈ ఒక్క సంగతి తెలిస్తే "అప్పటిలా లేదు" అన్న మాటలో బలం పోతుంది, ఎందుకంటే బ్యాండ్ అప్పటికే అక్కడి నుంచి కదిలి ఉంది.

2011: సూపర్ నోవా సాంబా ఫంక్

దీన్ని ఎక్కువమంది వచ్చిన అతిథుల పేర్లు చూసి వింటారు. జిల్బెర్తో జిల్, ఎల్జా సోరెస్, సెయు జోర్జె, సావ్ పౌలో రాపర్ మానో బ్రౌన్, పేర్లు నిజంగానే పెద్దవి. అలా వింటే మాత్రం పెళ్లికెళ్లి పెళ్లికొడుకుని చూడకుండా వచ్చేసినట్టే. అతిథి పాడుతున్నప్పుడు చెవిని కావాలని కిందికి దించండి, వాళ్ల గొంతు కింద బ్యాండ్ ఏం చేస్తోందో వినండి. అతిథి వచ్చాక బేస్ తగ్గి దారిచ్చిందా, లేక అతిథే బ్యాండ్ దరువులోకి వచ్చి నిలబడ్డాడా? మంచి ట్రాకుల్లో రెండోది జరుగుతుంది.

జిల్ ఇక్కడ ఉండటానికి అర్థం ఉంది. 1980 టైటిల్ పాట ఆయనదే అని పైన చెప్పాను. 1977లో ఆయన తెచ్చిన 'రెఫవేలా' ఆల్బమ్‌లో కూడా ఈ బ్లాక్ రియో ఊపు ఉంది, నైజీరియాలోని లాగోస్‌లో జరిగిన ఆఫ్రికా కళల ఉత్సవం నుంచి తిరిగొచ్చాక చేసిన ఆల్బమ్ అది. తండ్రి కాలంలో తోడున్న మనిషి కొడుకు ఆల్బమ్‌లో గొంతు కలపడం నాకు చాలా తృప్తిగా అనిపిస్తుంది. ఎల్జా సోరెస్ 2022లో పోయారు, ఆ గరుకు గొంతులో పాత సాంబా మొత్తం ఉంది. ఆవిడ గొంతు ఇంత కొత్త సౌండ్‌లో ఎలా ఇముడుతుందో శ్రద్ధగా వినండి. మానో బ్రౌన్ రాకలో వేరే లెక్క. 1970ల్లో సోల్ డాన్సులకి వెళ్లిన కుర్రాళ్ల తర్వాతి తరం పట్టుకున్నది రాప్‌నే, ఆ రెండు తరాలూ ఇక్కడ ఒకే చోట ఉన్నాయి.

ఈ ఆల్బమ్ మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది, ఇంతమంది ఒకేచోట చేరడం వల్ల వరసగా మొత్తం వింటే బ్యాండ్ ముఖం కాసేపు కనపడదు. అందుకే ఒకేసారి మొత్తం వినమని చెప్పను. సాయంత్రానికి మూడు ట్రాకులు చాలు. ఒక్కోదాన్నీ రెండుసార్లు, మొదటిసారి గొంతు కోసం, రెండోసారి అడుగు కోసం.

వేరే బ్యాండ్లకి కూడా ఇదే పద్ధతి

రియోలోనే మొదలైన అజిముత్ వినండి, ఫంక్‌తో పాటు జాజ్ ఎక్కువ. కీబోర్డు జొజె రొబెర్తో బెర్త్రామి, బేస్ అలెక్స్ మల్యేయిరోస్, డ్రమ్స్ ఇవాన్ కోంచి, ముగ్గురే. 1979లో చేసిన 'జాజ్ కార్నివాల్' ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్ చార్ట్‌లో టాప్ 20లోకి వెళ్లింది. 2012లో బెర్త్రామి పోయాక మిగతా ఇద్దరూ కీకో కోంచినెంచినోని కీబోర్డుకి తెచ్చుకుని 2016లో 'ఫేనిక్స్' చేశారు. ఇక్కడ లెక్క తలకిందులు. బ్లాక్ రియోలో పేరు, రక్తం మిగిలి మనుషులు మారారు. అజిముత్‌లో బేస్, డ్రమ్స్ వాళ్లే, పైన కీబోర్డు మారింది. కాబట్టి 'ఫేనిక్స్' వినేటప్పుడు అడుగు గురించి టెన్షన్ పడక్కర్లేదు, అది నలభై ఏళ్లుగా కలిసి వాయించిన జంట, కళ్లు మూసుకుని వదిలేయొచ్చు. చెవిని పైన కీబోర్డు మీద పెట్టండి, కొత్తవాడు బెర్త్రామి ఖాళీలని ఎక్కడ నింపాడు, ఎక్కడ ఖాళీగానే ఉంచాడు అని. కోంచి కూడా 2023లో పోయారు, ఆ జంటని కలిపి వినడానికి ఇక ఉన్నవి రికార్డులే.

వెనక్కి వెళ్లాలనుకుంటే 1971లో డొమ్ సల్వడోర్ తన అబొలిసావ్ బృందంతో చేసిన 'సోమ్, సాంగి ఇ రాసా' వెతకండి. ఒబెర్దాన్ ఆ బృందంలో వాయించాడు, సాంబానీ సోల్‌నీ కలపడం అక్కడే మొదలైందని అది వింటే తెలుస్తుంది. అక్కడి నుంచి 1977కి వచ్చి, 1980 మీదుగా 2001కి వెళ్లండి, 2011 చివర్న. ఈ వరసలో వినడానికి తీరిక లేకపోతే కనీసం 'మిస్టర్ ఫంకీ సాంబా'తో మొదలుపెట్టండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, బేస్ వెంట.